వీసా అక్కర్లేని మృదంగం

నేను పాడేదాన్ని. కచేరీలు కాదు, కూచిపూడి నాట్యానికి వెనక పాట. వేదికకి ఒక పక్కగా జంపఖానా పరిచి మమ్మల్ని కూర్చోబెట్టేవాళ్ళు. తాళాలు పట్టుకుని, నాట్యం నేర్పే మా టీచరుగారు, ఆవిడ పక్కన నేను, నా పక్కన మృదంగం, ఆ చివర వయొలిను. వచ్చినవాళ్ళు మా వైపు చూడరు. చూశారంటే నాట్యం బాగా లేదని అర్థం. అలా ఎవరూ చూడని ఆ మూలలో నా సగం జీవితం గడిచింది. ఆ రోజుల్లో నా పక్కన మృదంగం వాయించిన మనిషి దాదాపు ఎప్పుడూ ఒక్కరే. ఇది ఆయన గురించి.

ఆయనది దివిసీమ. నాగాయలంక దాటి ఇంకా కిందికి వెళ్తే సముద్రం వాసన తగిలే పల్లె. చేపల వేటకి వెళ్ళే కుటుంబం. తండ్రీ అన్నలూ పడవల మీద వెళ్తే, ఈయన ఊరి రామభజనలో మృదంగం పట్టుకుని ఇక వదల్లేదు. అవనిగడ్డలో ఒక మాస్టారి ఇంట్లో చేరి, చెప్పిన పనల్లా చేస్తూ విద్య నేర్చుకున్నారు. మాది బందరు. మా తాతగారు బడిపంతులు, నాన్నగారు కలెక్టరాఫీసులో గుమాస్తా. మా ఇంట్లో సంగీతమంటే సాయంత్రం పాఠం, ఏడాదికో పరీక్ష, ఒక సర్టిఫికెట్టు. ఆయన పక్కన కూర్చున్న మొదటి రోజే నాకు తెలిసిపోయింది, నేను నేర్చుకున్నదీ ఆయన నేర్చుకున్నదీ ఒకటి కాదని.

ఆయన్ని బాబాయ్ గారూ అని పిలిచేదాన్ని. మొదట్లో ఆయనకి అది ఇబ్బందిగా ఉండేది.

“గారు ఎందుకమ్మాయ్, ఉత్త బాబాయ్ చాలు” అనేవారు.

వాయించేటప్పుడు ఆయన తన చేతుల్ని చూసుకోరు. నా వైపూ చూడరు. ఆడే అమ్మాయి పాదాలనే చూస్తారు. పాదం ఎత్తినప్పుడే అది ఎక్కడ పడుతుందో ఆయనకి తెలిసిపోతుంది. ఒక్కోసారి అమ్మాయి అలిసిపోయి అర క్షణం ఆలస్యం చేస్తే, ఆ అర క్షణం ఆయన చెయ్యి గాలిలోనే ఆగేది. ముందు నుంచీ అక్కడ అంతే ఉన్నట్టు వినపడేది. తప్పు ఎవరికీ తెలిసేది కాదు. దిగాక ఆ అమ్మాయి వచ్చి ఆయన కాళ్ళకి దండం పెట్టేది.

విదేశాల నుంచి పిలుపులు మొదలయ్యాక మా ఊళ్ళో వాళ్ళకి అదంతా విమానం ఎక్కడంగానే కనిపించింది. మాకు అది నెలల ముందు మొదలయ్యే తంటా. పిలిచినవాళ్ళు ముందు వాళ్ళ ప్రభుత్వం దగ్గర అనుమతి తీసుకోవాలి. ఈ కళ ఇక్కడి మనుషులు వచ్చి చేస్తే తప్ప కుదరదని పెద్దవాళ్ళ చేత రాయించాలి. అవన్నీ వచ్చాక మేం చెన్నై వెళ్ళి, అద్దం వెనక కూర్చున్న అధికారికి మేమెవరమో చెప్పుకోవాలి. గుమాస్తా కూతుర్ని, ఇంగ్లీషు వచ్చినదాన్ని కాబట్టి ఆ కాగితాల పనంతా నా మీద పడింది.

బాబాయ్‌కి మొదటిసారి వీసా ఇంటర్వ్యూ జరిగినప్పుడు నేను పక్కనే ఉన్నాను. అధికారిణి కాగితాలు తిరగేసి, “ఈయన మృదంగం వాయిస్తారా? ఏదీ, వాయించి చూపించమనండి” అంది. మృదంగం లోపలికి తేనివ్వలేదు. నేను ఆ సంగతి చెప్పబోతున్నాను. ఈలోపే బాబాయ్ అద్దం ముందున్న చెక్క అంచు మీద రెండు చేతులూ పెట్టారు.

“నువ్వొక చరణం అందుకో అమ్మాయ్.”

“ఇక్కడా?”

“ఇక్కడైతే ఏంటి? అడిగారు గదా.”

పాడాను. జనం వింటారేమోనని మెల్లగానే. ఆయన మాత్రం దేవుడి ఉత్సవంలో వాయించినట్టే వాయించారు. క్యూలో నిలబడ్డ జనం మాటలు ఆపేశారు. ఆమె నవ్వి, చాలు చాలని చెయ్యూపింది. బయటికొచ్చాక, “ఆవిడకి చప్పట్లు కొట్టాలనుంది గానీ ఉద్యోగం గదా పాపం” అన్నారు బాబాయ్.

తర్వాత విమానాశ్రయాల సంగతి. మృదంగం శ్రుతి చేసుకోవడానికి ఒక నున్నటి రాయి, చిన్న చెక్క ముక్క ఉంటాయి. చేతి సంచిలో ఆ రాయి కనపడగానే పక్కకి పిలిచేవాళ్ళు. ఎడమ మూతకి తడిపి అంటించే బొంబాయి రవ్వ చిన్న పొట్లం కట్టి తెచ్చుకునేవారు. అది ఏ పొడో అని ఒకచోట మమ్మల్ని చాలాసేపు కూర్చోబెట్టారు. ఇంకో దేశంలో అయితే తోలు చూసి, పురుగు ఉందేమో పరీక్ష చెయ్యాలని వాయిద్యాన్నే ఉంచేసుకున్నారు. అది తిరిగి వచ్చేసరికి మా ప్రోగ్రాములన్నీ అయిపోయాయి. అన్నాళ్ళూ ఆయన ఎవరిదో అడిగి తెచ్చిన మృదంగం వాయించి, రోజూ నాతో, “దీనికి నా మాట అర్థం కావట్లేదమ్మా” అనేవారు.

పన్నుల గొడవ మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అక్కడ మాకు ఇవ్వాల్సినదాంట్లో కొంత పట్టుకునే ఇచ్చేవాళ్ళు. ఎందుకో అడిగేంత తెలివి లేదు. ఒకసారి ఇన్‌కంటాక్స్ వాళ్ళ నుంచి నాకు నోటీసు వస్తే, ఎవరో చెప్పగా గుడివాడలో ఒక ఆడిటరుగారి దగ్గరికి వెళ్ళాం, నేనూ బాబాయ్. స్టేషను దగ్గర మేడ మీద ఆఫీసు. ఆయన పెద్దాయన, మెత్తగా మాట్లాడతారు.

“మనిషి ఏడాదిలో ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటే ఆ దేశపు నివాసి కింద లెక్కండీ. మన దేశ నివాసి అయితే ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా ఇక్కడ చెప్పాలి. అది అందరికీ. మీ పాటవాళ్ళకి, ఆటవాళ్ళకి మాత్రం దాని మీద ఇంకొకటుంది. ఒక్క సాయంత్రం పాడి వచ్చేసినా, పాడిన చోట పన్ను పట్టుకుంటారు.”

“ఒక్క సాయంత్రానికా?” అన్నాను.

“ఒక్క సాయంత్రానికే. ఒక ఇంజనీరు వెళ్ళి నెల పనిచేసొస్తే అడక్కపోవచ్చు. మిమ్మల్ని మాత్రం వదలరు. మళ్ళీ దొరుకుతారో లేదోనని ముందే పట్టుకుంటారు.”

“అంటే మనం పారిపోయే బాపతని అనుకుంటారాండీ?” అన్నారు బాబాయ్. ఆయనకి నిజంగానే బాధ కలిగింది.

ఆడిటరుగారు కాఫీ తెప్పించారు. అక్కడ పట్టుకున్నట్టు వాళ్ళ చేత కాగితం తెప్పించుకుంటే ఇక్కడ తగ్గుతుందని, లేకపోతే రెండు చోట్లా కట్టినట్టేనని చెప్పారు. అప్పట్నుంచి ఆ కాగితాల కోసం ఊరూరి నిర్వాహకులకీ ఉత్తరాలు రాయడం నాకొక వ్యాపకం అయింది. ప్రోగ్రాముకి ముందు, రోజుకి పదిసార్లు ఫోన్ చేసినవాళ్ళు, ప్రోగ్రాము అయ్యాక జవాబిచ్చేవాళ్ళు కాదు.

ఇలా కొన్నేళ్ళు నడిచాక, తూర్పున ఒక దేశంలో ఉన్న నాట్య పాఠశాల వాళ్ళు నన్ను పిల్లలకి పాట నేర్పడానికి రమ్మన్నారు. సరైన పని అనుమతే ఇప్పించారు. నేను పెళ్ళి చేసుకోలేదు. అమ్మా నాన్నా అప్పటికే పోయారు. బందరులో అద్దె ఇంటికి తాళం వేసి వెళ్ళాను. కొన్ని నెలలు అక్కడ, కొన్ని నెలలు ఇక్కడ, మధ్యలో మా బృందంతో టూర్లు. బట్టలు రెండు ఊళ్ళలో ఉండేవి. ఏ చీర ఎక్కడుందో గుర్తుండేది కాదు. పాఠశాల వెనక గదిలో నాకొక మంచం, ఒక కిటికీ ఉండేవి. కిటికీలోంచి ఎదురు భవనంలో ఎవరివో బాల్కనీలు కనపడేవి. అక్కడ ఆరేసిన బట్టల్ని బట్టి ఆదివారమని తెలిసేది.

మూడో ఏడు నేనక్కడ ఉండగానే మా బృందం ఆ ఊరు వచ్చింది. పిలిచింది మా పాఠశాల కాదు. వేరే నిర్వాహకుడు, కొత్తగా ఈ వ్యాపారంలోకి దిగినవాడు. పని అనుమతులకి టైం పడుతుందని, అందరికీ మామూలు సందర్శకుల వీసాలు తీయించాడు. అడిగితే చుట్టాల్ని చూడ్డానికి వచ్చామని చెప్పమన్నాడట. ఏమీ కాదు, అందరూ ఇలాగే వస్తారని మా టీచరుగారికి హామీ ఇచ్చాడు. ఈ సంగతులేవీ నాకు అప్పటికి తెలియవు. నా వాళ్ళు వస్తున్నారన్న సంతోషంతో, పులిహోర కలుపుకుని విమానాశ్రయానికి వెళ్ళాను.

మధ్యాహ్నం. మేం పెద్దపాప అని పిలిచే అమ్మాయి ముందుగా, ఆడే పిల్లలు ఒక్కొక్కరే సామాన్ల బళ్ళు తోసుకుంటూ బయటికొచ్చారు. వయొలిన్ ఆయన వచ్చారు. ఆఖర్న టీచరుగారు వచ్చారు. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆవిడ బండి మీద బాబాయ్ సూట్‌కేసు ఉంది. బాబాయ్ లేరు.

“బాబాయ్ ఏరీ?”

“ఆపేశారే అతన్ని. లోపల గదిలో కూర్చోబెట్టారు. వెనక్కి పంపించేస్తారట.”

నిర్వాహకుడు ఫోన్ ఎత్తలేదు. మా పాఠశాల వాళ్ళు ఎవరెవరికో చేశారు. సాయంత్రానికి ఒక అధికారి దయతలిచి ఆయనతో నన్ను ఫోన్లో మాట్లాడనిచ్చాడు.

“అమ్మాయ్, నువ్వు బయటే ఉన్నావంట గదా?”

“ఇక్కడే ఉన్నాను బాబాయ్. గోడకి ఇటుపక్క. ఏమైంది?”

“పెట్టె విప్పమన్నారమ్మా. ఇదేంటన్నారు. మృదంగం అన్నాను. ఎక్కడ వాయిస్తావన్నారు. మన ప్రోగ్రాం కాగితం ఉంది గదా, దాంట్లో నా ఫొటో వేశారు గదా, అది తీసి చూపించా. చూసి సంతోషపడతారనుకున్నా.”

నేను ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను.

“తప్పు చేశానా అమ్మాయ్?”

“లేదు బాబాయ్.”

“మరి వీళ్ళు నన్నెందుకు ఇట్టా చూస్తన్నారు?” మళ్ళీ ఆయనే, “రేపు ఎవరు వాయిస్తారు?” అని అడిగారు. “ఎవరొచ్చినా సరే, మూడో ఐటంలో పెద్దపాప కొంచెం ఊపిరి తీసుకుంటదని చెప్పు. తొందర పెట్టొద్దని చెప్పు.”

ఆ తర్వాత ఫోన్ తీసేసుకున్నారు. మర్నాడు మొదటి విమానంలో ఆయన్ని చెన్నై పంపించేశారు. చెన్నై నుంచి ఒక్కరే, మృదంగం భుజాన వేసుకుని, రైల్లో విజయవాడ వచ్చి, అక్కణ్ణించి బస్సులో ఊరు చేరారు. ఆయన్ని పంపేసిన రోజు సాయంత్రం మా ప్రోగ్రాములో అక్కడి కుర్రాడెవరో వాయించాడు. మంచివాడే, బాగానే వాయించాడు. పెద్దపాప ఊపిరి తీసుకునే చోట మాత్రం అతను ముందుకి వెళ్ళిపోయాడు. నేను చెప్పాను, అయినా కుదరలేదు. పులిహోర అలాగే సంచిలో ఉండిపోయి పాడైపోయింది.

ఆ ఎండాకాలం ఇంటికి వచ్చాక గుడివాడ వెళ్ళాను. నా వ్యవహారం ఒక చిక్కులో పడింది. వాళ్ళ సంవత్సరం జనవరిలో మొదలవుతుంది, మనది ఏప్రిల్లో. ఆ లెక్కా ఈ లెక్కా ఒకదాని మీద ఒకటి పడి, రెండు దేశాలూ నన్ను తమ నివాసి అంటున్నాయి. ఆడిటరుగారు పాస్‌పోర్టులో ముద్రలన్నీ చూసి, కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

“ఇలాంటప్పుడు రోజులు చూడరమ్మా. ముందు, ఎప్పుడూ మీకోసం ఉండే ఇల్లు ఎక్కడుందని చూస్తారు.”

“ఇక్కడ అద్దె ఇల్లుందండీ. తాళం వేసుంది. అక్కడొక గది ఇచ్చారు.”

“రెండు చోట్లా ఉన్నట్టేనంటారు. అప్పుడు ఇంకోటి అడుగుతారు. మీ జీవితం ఎక్కువగా ఎక్కడ ముడిపడి ఉందీ అని. మీ వాళ్ళు, మీ పని, మీ వస్తువులు, మీ అలవాట్లు, ఇవన్నీ ఎక్కడున్నాయని. చెప్పండి, రాసుకుంటాను.”

ఆయన కలం పట్టుకుని ఎదురుచూస్తున్నారు. కింద వీధిలో ఎవరో రిక్షా మీంచి అరటిగెలలు దింపిస్తూ కేకలేస్తున్నారు. నా వాళ్ళెవరని ఆలోచించాను. అక్కయ్య ఉంది, హైదరాబాదులో. ఏడాదికి రెండుసార్లు మాట్లాడుకుంటాం. పని రెండు చోట్లా ఉంది. వస్తువులంటే ఒక తంబూరా పెట్టె, నాలుగు చీరలు. ఏమీ తోచక, “మా మృదంగం ఆయన దివిసీమలో ఉంటారండీ” అన్నాను.

ఆడిటరుగారు తలెత్తి నన్ను చూశారు. నవ్వలేదు. ఏం రాసుకున్నారో నాకు తెలియదు. చివరికి నన్ను ఇక్కడి మనిషినే చేశారు.

అక్కణ్ణించి పామర్రు మీదుగా బస్సులు మారుతూ నాగాయలంక దాటి వాళ్ళ ఊరు వెళ్ళాను. బాబాయ్ అరుగు మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూసి లేచారు, కానీ మునుపటిలా పెద్దగా పిలవలేదు. పిన్నిగారు మంచినీళ్ళిచ్చి, “ఊళ్ళో వాళ్ళు ఏదో తప్పుడు పని చేస్తే పంపించేశారని అనుకుంటన్నారమ్మా. నువ్వైనా చెప్పు వీళ్ళకి” అన్నారు. ఎవరికని చెప్పను? పక్కింటావిడ వచ్చి కూర్చుంటే ఆవిడకి చెప్పాను. వీసా రకం వేరని, నిర్వాహకుడి తప్పని. ఆవిడ తలూపుతూ అంతా విని, “అయినా అంతమందిలో ఈయన్నే ఎందుకు ఆపారంటావ్?” అంది.

మరుసటి ఏడు ఇంకో దేశం నుంచి మంచి పిలుపు వచ్చింది. అన్నీ పద్ధతిగా చేసేవాళ్ళు, పాతవాళ్ళు. వీసా దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంటుంది, ఎప్పుడైనా ఏ దేశమైనా మిమ్మల్ని రానివ్వకుండా వెనక్కి పంపిందా అని. నేను బాబాయ్ ఎదురుగా కూర్చుని ఆ ప్రశ్న చదివి చెప్పాను. అక్కడే ఉన్న వయొలిన్ ఆయన, “లేదని పెట్టెయ్యండి బావా, వాళ్ళకేం తెలుస్తుంది?” అన్నారు.

బాబాయ్ దరఖాస్తు కాగితాన్ని నా వైపు జరిపారు. “ఉన్నదున్నట్టు చెప్పి వెనక్కొచ్చా. ఇప్పుడు లేదని చెప్పి వెళ్తే, అక్కడ కూర్చుని వాయించగలనా అయ్యా? నా వల్ల కాదు. ఉందనే రాయమ్మాయ్” అన్నారు.

ఉందని రాశాను. జరిగిందంతా వివరంగా ఒక పేజీ రాసి జత చేశాను. మిగతా అందరికీ వచ్చింది, ఆయనకి రాలేదు. ఆ తర్వాత ఏడు ఇంకో దేశానికి ప్రయత్నించాం. అప్పుడు రెండు చోట్ల కాదన్నారని రాయాల్సి వచ్చింది. ఒకసారి కాదన్న మనిషిని ఇంకెవరూ అవునని అనరని అర్థమవడానికి మాకు ఇంకో ఏడు పట్టింది. ఆయన లేకుండా నేను కొన్ని టూర్లు వెళ్ళాను. ప్రతి ఊళ్ళో మృదంగానికి కొత్త మనిషి. ఎవరితో పాడినా నా చెవి పక్కకి వెళ్ళేది.

ఈలోగా మా పిలుపులూ మారాయి. పాటవాళ్ళు నలుగురొస్తే నాలుగు అనుమతులు, నాలుగు టికెట్లు, నాలుగు పన్నుల గొడవలు. రికార్డు చేసిన పాట తెచ్చుకుంటే అవేవీ అక్కర్లేదని నిర్వాహకులు చెప్పడం మొదలుపెట్టారు. కరోనా తర్వాత ఇక అందరూ అదే మాట. టీచరుగారు చాలాకాలం ఒప్పుకోలేదు. ఒకరోజు మమ్మల్ని పిలిచి, “నేను ముసల్దాన్నైపోయాను, ఇక పోట్లాడలేను. ఐటాలన్నీ ట్రాక్ చేసేద్దాం. మీ ఇద్దరూ అయితేనే చేస్తాను” అన్నారు.

విజయవాడలో స్టూడియో. బాబాయ్‌ని ఒక అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టారు. తాళానికి టక్ టక్‌మని ఒక చప్పుడు చెవిలో వస్తూనే ఉంటుంది, దాన్ని దాటకూడదు. నేను పాడింది ముందే రికార్డయింది. ఆయన రెండుసార్లు వాయించి, ఆపి, హెడ్‌ఫోన్లు తీసేశారు.

“ఎవరి కోసం వాయించాలమ్మా? ఎవరూ ఆడట్లేదు గదా.”

స్టూడియో కుర్రాడు, “టక్ టక్ వింటూ వాయించండి సార్, సరిపోద్ది” అన్నాడు.

టీచరుగారు అర్థం చేసుకుని, తన శిష్యురాలిని అద్దానికి ఇవతల నిలబెట్టి ఆడమన్నారు. గజ్జెల చప్పుడు రికార్డులో పడకూడదని గజ్జెలు విప్పించారు. ఆ అమ్మాయి ఇవతల చాప మీద చప్పుడు లేకుండా ఆడింది. ఆయన అద్దం అవతల నుంచి ఆ ఒట్టి పాదాల్ని చూస్తూ వాయించారు. మూడు రోజుల్లో ఐటాలన్నీ అయిపోయాయి. చివరి రోజు కుర్రాడు అన్నీ కలిపి వేలెడంత పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి టీచరుగారి చేతికిచ్చాడు. బాబాయ్ దాన్ని అడిగి తీసుకుని, అరచేతిలో పెట్టుకుని చూశారు.

“దీనికి వీసా అడగరా?”

“అడగరు బాబాయ్.”

“రాయి ఉందా, రవ్వ ఉందా అని కూడా అడగరు” అని దాన్ని తిరిగి ఇచ్చేశారు.

ఆ పెన్‌డ్రైవ్ ఎన్నో దేశాలు తిరిగింది. పిల్లలు వీడియోలు పంపేవాళ్ళు. పెద్ద పెద్ద హాళ్ళు, పూలగుత్తులు. మమ్మల్ని కూర్చోబెట్టే ఆ పక్క మూలలో ఒక నల్లటి స్పీకరు పెట్టె ఉండేది. తూర్పు దేశం పాఠశాల వాళ్ళు కూడా, వీడియోలో నేర్పితే సరిపోతుందని నా అనుమతి పొడిగించలేదు. ఇప్పుడు బందరు నుంచే ఫోన్లో నేర్పుతున్నాను. పోయిన ఏడు గుడివాడ వెళ్తే ఆడిటరుగారు నా పాస్‌పోర్టు అటూ ఇటూ తిప్పి, “ఈసారి మీది చాలా తేలిక అమ్మా. మీరెక్కడికీ వెళ్ళలేదు గదా” అన్నారు.

పోయిన ఎండాకాలం మొవ్వలో ఒక ఉత్సవానికి మా టీచరుగారి కొత్త శిష్యురాళ్ళ నాట్యం పెట్టారు. టీచరుగారు రమ్మంటే నేనూ బాబాయ్ వెళ్ళి ముందు వరసలో కూర్చున్నాం. అలా జనంలో కూర్చుని చూడటం మా ఇద్దరికీ కొత్త. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. స్పీకర్లలో నా గొంతు, ఆయన మృదంగం. నా గొంతు అప్పటికంటే ఇప్పుడు బరువెక్కింది. అది వింటుంటే చెల్లెలెవరో పాడుతున్నట్టుంది.

రెండో ఐటం మధ్యలో కరెంటు పోయింది. ఇంకా పగటి వెలుగు పూర్తిగా పోలేదు. జనరేటరు తిప్పబోతే అది అందుకోలేదు. వేదిక మీద పన్నెండేళ్ళ పాప పాదం ఎత్తినది ఎత్తినట్టే ఆగిపోయింది. జనం గోల చేయడం మొదలుపెట్టారు. టీచరుగారు వేదిక మీంచి కిందికి వంగి మా ఇద్దరినీ చూశారు. ఆవిడ నోరు తెరవకముందే బాబాయ్ లేచారు. ఉత్సవానికి వచ్చిన భజన వాళ్ళ మృదంగం ఒకటి పక్కనే ఉంది. అది తీసుకుని మెట్లెక్కారు. వెనక నేనూ.

ఆగిన చోటే అందుకున్నాను. బాబాయ్ పాప పాదాల మీద చూపు నిలిపి వాయించడం మొదలుపెట్టారు. ఎన్నాళ్ళకో మళ్ళీ ఆ మూలలో ఆయన పక్కన కూర్చున్నాను. పాప ఆడింది కూడా, ఒక పది అడుగులు. అంతలో తడబడింది. ఆయన ఆగారు. పాప కూడా ఆగింది. ఆయన దాని కోసం చూస్తున్నారు, అది ఆయన కోసం చూస్తోంది. మళ్ళీ మొదలుపెట్టాం. మళ్ళీ అదే చోట ఆగిపోయింది. పాప కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దగ్గరికొచ్చి చిన్నగా, “తాతగారూ, ట్రాక్‌లో ఇలా లేదండీ. ట్రాక్‌లో ఇక్కడ గబగబా వస్తుంది” అంది.

“నువ్వు ఆడమ్మా, నేను నీ వెనకే వస్తా” అన్నారు బాబాయ్.

“నా వెనక వస్తే నాకు తెలియదండీ. మీరు ముందు వాయించాలి, నేను దానికి ఆడతాను.”

ఆ పాప తప్పేమీ లేదు. అది నాట్యంలో చేరినప్పట్నుంచీ ఆ ట్రాక్‌తోనే నేర్చుకుంది. ఎవరైనా తన పాదం కోసం ఆగుతారని దానికి ఎవరూ చెప్పలేదు. బాబాయ్ ఒక్క క్షణం దాని మొహంలోకి చూసి, “అట్టాగే తల్లీ” అని తల దించుకుని, ట్రాక్‌లో ఎలా ఉందో అలాగే వాయించడానికి ప్రయత్నించారు. తను వాయించిందే గుర్తు తెచ్చుకుంటూ, తడుముకుంటూ వాయించారు. పాదాల వైపు చూడలేదు. నేను పాడుతూనే ఆయన చేతుల్ని చూశాను. చూపుడు వేలు సరిగా లేవట్లేదు. ఎప్పట్నుంచి అలా ఉందో.

అంతలో కరెంటు వచ్చేసింది. స్పీకర్లు గురగురమని, పాట మళ్ళీ మొదట్నుంచి అందుకున్నాయి. పాప మొహం విప్పారింది. మేమిద్దరం మెల్లగా మెట్లు దిగాం. టీచరుగారు మా వైపు చూడలేకపోయారు.

ఐటం పూర్తి కాకుండానే బస్సు కోసం బయల్దేరాం. రోడ్డు మీద కూడా స్పీకర్ల చప్పుడు వినపడుతూనే ఉంది. ఆయన అవనిగడ్డ వైపు, నేను పామర్రు వైపు వెళ్ళాలి. సోడాబండి దగ్గర నిలబడ్డాం.

“వేలికేమైంది బాబాయ్?”

“తిమ్మిరి. చలికాలం నుంచి ఉంది. డాక్టరు నరం అన్నాడు. అన్నం కలుపుకోడానికి బానే ఉంటది.”

“విజయవాడలో చూపిద్దాం, నేను వస్తాను.”

“చూద్దాంలే.” బస్సు వచ్చే వైపు చూస్తూ, “పాప బాగా ఆడుద్ది. కాళ్ళు మంచియి” అన్నారు.

ఆయన బస్సే ముందు వచ్చింది. ఎక్కి, కిటికీ పక్కన సీటు దొరికితే అందులోంచి చెయ్యూపారు.

విజయవాడ ఆయన రాలేదు. రెండుసార్లు ఫోన్ చేస్తే ఏదో పనుందన్నారు. వానాకాలంలో నేనే వెళ్ళాను. వాళ్ళ అన్న కొడుక్కి రొయ్యల చెరువు ఉంది, పగలంతా దాని గట్టు మీద కాపలా ఉంటున్నారు. పిన్నిగారు కబురు పంపితే వచ్చారు, కాళ్ళకి బురద. టీ తాగుతూ మేత ధర గురించి, రొయ్యలకొచ్చిన తెల్లమచ్చ తెగులు గురించి చాలాసేపు చెప్పారు. పిల్లలు ఏ దేశం వెళ్ళారని, ఎవరు ఎలా ఆడుతున్నారని ఒక్క మాటా అడగలేదు. ముందు గదిలో మృదంగం పెట్టుకునే చోట మేత బస్తాలు పేర్చి ఉన్నాయి. మృదంగం ఎక్కడుందని నేను అడగలేకపోయాను.

చినుకులు మొదలవుతుంటే గొడుగు తీసుకుని బస్సు దాకా వచ్చారు. “రోడ్డు బాలేదు, వెనక సీట్లో కూర్చోకు అమ్మాయ్” అని చెప్పి, బస్సు కదలకముందే చెరువు వైపు వెళ్ళిపోయారు.